ముప్పై మూడో పేజీ

జూన్ 3, ఆదివారం

చిన్నీ,

మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మరిదిగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్లో అడుగుదామనుకున్నాను గానీ, నా గొంతు నీకు వినపడదు, నీ గొంతు మా పక్కింటికి కూడా వినపడుతుంది. మనకి ఉత్తరాలే మేలు.

దీనితోపాటు ఒక పుస్తకం పంపుతున్నాను. మన కండక్టరు బాబాయి రాసింది. నవ్వకు. ముప్పై ఏళ్ళు బస్సులో టిక్కెట్లు చింపిన మనిషి, రిటైరయ్యాక రోజూ పొద్దున్నే కాగితాలు ముందేసుకు కూర్చుని మన వీధి మీద నూట అరవై పేజీలు రాశాడు. నర్సమ్మగారు కూడా ఒకటి రాశారు, తను పోసిన పురుళ్ళ గురించి. రెండూ వచ్చే ఆదివారం ఒకేసారి బయటికొస్తాయి. లైబ్రరీలో కిటికీ పక్క బీరువా ఖాళీ చేసి 'మన వీధి రచయితలు' అని చీటీ అంటించారు. ఈ రెండింటితో పదకొండు పుస్తకాలవుతాయి. మీ బావ బాగుచేస్తున్న వాచీ మీంచి కన్ను తియ్యకుండానే అన్నారు, "రాసేవాళ్ళు పదకొండుగురని తేలింది. చదివేవాళ్ళెవరో కూడా కాస్త కనుక్కో" అని.

నువ్వు వెళ్ళాక మా వీధికొక పద్ధతి వచ్చింది. ఎవరి ఇంటివాళ్ళ గురించి రాస్తే వాళ్ళకి పుస్తకం ముందుగా అందాలి. బాబాయి మన నాన్న గురించి ఒక భాగం రాశాడట. అందుకే నీకు ముందు పంపుతున్నాను.

నాన్న ఉన్నప్పటి లైబ్రరీ గుర్తుందా? పొద్దున్నే పేపరు నాలుగు ముక్కలుగా విడదీసి నలుగురికి పంచేవారు. ఎవరి ముక్క ముందు అయిపోతే వాళ్ళు పక్కవాళ్ళ మొహంలోకి చూస్తూ కూర్చునేవాళ్ళు. ఆ బల్ల ఇప్పటికీ అలాగే ఒక కాలు పొట్టిగా ఉంది. నువ్వు దాని కింద దూరి నోటుబుక్కులో ఏదో రాసుకుంటూ ఉండేదానివి.

ఇంతకీ రెండు పుస్తకాలూ నేనే కుట్టాను. ప్రెస్సాయన పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చువేసి ఇస్తాడు. దాన్ని మూడు మడతలు పెడితే ఒక ఫారం. అలాంటివి పది వరసలో పెట్టి దారంతో కుట్టి అట్ట అంటిస్తే పుస్తకం. మంచం మీద దొంతరలు పేర్చుకున్నానో లేదో, వాన మొదలై సరిగ్గా మంచం మీదే కారింది. అన్నీ ఎత్తుకుని వంటింట్లోకి పరుగు. దేవుడి దయవల్ల ఒక్కటీ తడవలేదు.

బాబాయి నాన్న గురించి ఏం రాశాడో నన్నడక్కు. పని నేర్పిన పెద్దాయన నాతో ఒట్టు వేయించుకున్నాడు, మడత పెట్టే మనిషి చదవకూడదని. కన్ను అక్షరం మీద పడితే చెయ్యి ఆగిపోతుంది. నువ్వే చదివి చెప్పు.

అక్క


జూన్ 14

అక్కా,

పుస్తకం అందింది. షాపులో కళ్ళజోళ్ళు తుడిచే గుడ్డ చేతిలో ఉండగానే విప్పాను. నాన్న గురించిన భాగం ముప్పయ్యో పేజీలో మొదలైంది. మూడు పేజీలు నవ్వుకుంటూ చదివాను. ముప్పై మూడో పేజీకి వచ్చాక నవ్వు ఆగిపోయింది.

బాబాయి అంతా రాసేశాడు. నువ్వు గడపలో నిలబడి ఉన్నావని కూడా రాశాడు.

ఇన్నేళ్ళు ఎలా దాచగలిగావు? నేను ఎన్నిసార్లు నీ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాను. ఒక్కసారైనా నోరు జారలేదే! నాన్నకీ తెలుసు కదా? వీధిలో ఇంకెంతమందికి తెలుసు? అందరికీ తెలిసి, నా ఒక్కదానికే తెలియదన్నమాట. ఇప్పుడు ఆదివారం సభ కూడా అయిపోయి ఉంటుంది, మిగిలినవాళ్ళూ చదివేసి ఉంటారు.

నాకు ఇంకేమీ రాయాలని లేదు. నిజమేనా కాదా, అంతే చెప్పు.

చిన్ని


జూన్ 20

చిన్నీ,

నిజమే.

నీ ఉత్తరం చదివాక పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను గానీ ఆ పేజీ తెరవలేకపోయాను. తెరవక్కర్లేదు కూడా. అందులో ఏముంటుందో నాకు తెలుసు. బాబాయి ఇన్నేళ్ళు ఎవరితోనూ అనలేదు కాబట్టి ఇక అనడనే ధైర్యంతో బతికాను.

ఆయన రాసినదాంట్లో నా మనసులోది ఉండదు కాబట్టి నేను చెప్తాను. నువ్వు వీధి కుళాయి మీద రాసిన నవల మూడు నోటుబుక్కులూ బాబాయి తన బస్సు ఆఖరి స్టాపు దగ్గరున్న పుస్తకాల ఆఫీసులో ఇచ్చాడు కదా. నెల తర్వాత ఒక గురువారం డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే గడప దగ్గరికి వచ్చి కవరు నా చేతిలో పెట్టాడు. "చిన్నమ్మాయికి చెప్పు, వాళ్ళకి తెగ నచ్చిందట" అన్నాడు. నువ్వు మేడ మీద బట్టలు ఆరేస్తున్నావు.

నేను విప్పి చదివాను. నవల వేస్తామన్నారు. దిద్దుబాట్లకి రెండు నెలలు అక్కడికి వచ్చి ఉండమన్నారు, ఇష్టమైతే ఆఫీసులోనే పని ఇస్తామన్నారు. నీకు పందొమ్మిదేళ్ళు. నాకు పాతికేళ్ళు, నా పెళ్ళికి ఇంకో నెల ఉంది. అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది, ఒకసారి అమ్మ పోయి, ఒకసారి నాన్న కళ్ళ ఆపరేషను వచ్చి. నువ్వు వెళితే నాన్న దగ్గర ఉండేదెవరు? నేనే. మూడోసారి ఆగమంటే మగపెళ్ళివాళ్ళు ఆగరు.

నీతో "వాళ్ళు ఇలాంటివి వెయ్యరట" అన్నాను. బాబాయితో "దానికి వెళ్ళడం ఇష్టం లేదట" అన్నాను. అంతటితో ఆగలేదు. ఆ ఆఫీసుకి నీ పేరుతో నేనే ఉత్తరం రాశాను, నాకు ఇష్టం లేదు, వెయ్యవద్దు అని. నీ సంతకం నేను పెట్టాను. నోటుబుక్కులు అక్కడే ఉండిపోయాయి. తర్వాత ఆ ఆఫీసే మూతపడిందట.

నాన్నకి తెలియదు. ఆయన్ని ఒక్క మాట కూడా అనుకోకు. నువ్వు రాయడం ఎందుకు మానేశావో తెలియక, నీ కోసం కొత్త నోటుబుక్కులు కొని బల్ల సొరుగులో పెట్టేవారు.

రోజూ పొద్దున్నే దేవుడి ముందు ఈ తప్పు చెప్పుకుంటూనే ఉన్నాను. ఆయనకి చెప్పేశాను కదా అని నీకు చెప్పకుండా తప్పించుకున్నాను. ఆ సంగతి కూడా నాకు తెలుసు.

అక్క


జూన్ 29

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది. మూడోసారి చదివి స్టూలు మీద కూర్చుండిపోతే, కళ్ళజోడు కోసం వచ్చిన పెద్దావిడ "అమ్మాయ్, నీకే ఏదో కనపడ్డం లేదు" అంది.

నేను అడిగింది ఇది కాదు!

నవల సంగతి నాకేం తెలుసు? ముప్పై మూడో పేజీలో ఉన్నది రాస్తున్నాను, చదువు. ముప్పై రెండో పేజీ చివర బాబాయి, "ఆ ఇంటికి రెండో అమ్మాయి వచ్చిన రోజు నాకింకా గుర్తుంది. ఆ రోజు" అన్నాడు. పేజీ తిప్పితే, "పసిగుడ్డుని తువ్వాల్లో చుట్టి వెనక గుమ్మం నుంచి తెచ్చి వాళ్ళ చేతుల్లో పెట్టాను. కన్నతల్లి బిడ్డ మొహం కూడా చూడలేదు. ఈ మాట మన మధ్యే ఉండాలి అన్నాడు ఇంటాయన. పెద్దపిల్ల గడపలో నిలబడి అంతా చూసింది" అని ఉంది.

నేను అమ్మా నాన్నల పిల్లని కాదా అని అడిగాను అక్కా. ఆ మాట కాగితం మీద పెట్టడానికి చెయ్యి రాక, నిజమేనా అని మాత్రం అడిగాను. నువ్వు "నిజమే" అన్నావు. అని, ఇంకో నిజం తెచ్చి చేతిలో పెట్టావు.

ఇప్పుడు నేనెవరో నాకు తెలియదు. ఏం పోగొట్టుకున్నానో మాత్రం తెలిసింది. మొదటిది ఇప్పుడైనా చెప్పు. రెండోదాని గురించి నేనింకేమీ అనను. అనడానికి నాకు మాటలు రావడం లేదు. ఒకప్పుడు వచ్చేవి.

చిన్ని


జూలై 5

చిన్నీ,

ముందు ఇది చదువు. నువ్వు అమ్మ కడుపున పుట్టావు. ముందుగదిలో, కిటికీ పక్క మంచం మీద. నన్ను బయట అరుగు మీద కూర్చోబెట్టారు. నర్సమ్మగారే పురుడు పోశారు. నిన్న ఆవిడ దగ్గరికి పరుగెత్తితే, "నీ చెల్లెలి ముక్కు ఎప్పుడైనా చూశావా? లైబ్రరీ ఆయన ముక్కు ఊడబీకి అతికించినట్టుంటుంది. తెచ్చుకున్న పిల్లకి అంత ముక్కు ఎవరిస్తారు?" అన్నారు. నువ్వు అలా అనుకోవడానికి కూడా వీల్లేదన్నారు.

నీ ఉత్తరం చదివి ఆ పుస్తకం తెరిచాను. ఇన్నేళ్ళలో నేను కుట్టిన పుస్తకం చదవడం ఇదే మొదలు. ముప్పై మూడు నుంచి నలభై ఎనిమిది దాకా బాబాయి రాసింది కాదు, నర్సమ్మగారిది. వేరే ఊళ్ళో, వేరే వాళ్ళింట్లో జరిగింది. ఒకే ప్రెస్సు, ఒకే అక్షరాలు, ఒకే కాగితం. ఫారం అడుగున నంబరు తప్ప పుస్తకం పేరు వెయ్యడు ప్రెస్సాయన. వాన కారిన రోజు దొంతరలు ఎత్తుకు పరుగెత్తాను చూడు, అప్పుడు రెండు పుస్తకాల మూడో ఫారాలూ తారుమారయ్యాయి. అన్ని ప్రతులూ అలాగే కుట్టేశాను.

ఇంకో విచిత్రం విను. సభ జరిగి నాలుగు వారాలు కావస్తోంది. వీధిలో అందరూ పుస్తకం బ్రహ్మాండం అన్నారు. ఒక్కరూ పట్టుకోలేదు. దర్జీ ఆయన్ని నిలదీస్తే, "కండక్టరుగారికి పురుళ్ళ గురించి ఇంత తెలుసా అని ఆశ్చర్యపోయానమ్మా, బస్సుల్లో తిరిగినవాళ్ళకి అన్నీ తెలుస్తాయిలే అనుకున్నాను" అన్నాడు. నర్సమ్మగారి పుస్తకంలోనేమో నొప్పులు పడుతున్న ఆవిడ పక్కనే "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని ఉంది. అది బాగా రాశారని మెచ్చుకున్నారట.

నవ్వించాలని రాయలేదు. నీకు నవ్వు రాదని తెలుసు. నువ్వెవరో తెలియదన్నావు. దానికి నేను ప్రమాణం చేసి చెప్పగలను. నువ్వు మా నాన్న కూతురివి, నా చెల్లెలివి.

అక్క


జూలై 26

చిన్నీ,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. రాయమని అడగను. ఇక్కడి సంగతులు మాత్రం చెప్తాను.

ఇంటింటికీ తిరిగి పుస్తకాలన్నీ వెనక్కి తెచ్చుకున్నాను. దారాలు తెంపి, మూడో ఫారాలు మార్చి, మళ్ళీ కుడుతున్నాను. తప్పు నాదేనని లైబ్రరీలో అందరి ముందూ చెప్పాను. "పోనీలేవమ్మా, నీ అంత జాగ్రత్త మనిషికి కూడా ఎప్పుడైనా ఒక పొరపాటు జరుగుతుంది" అన్నారు. ఆ మాటకి తల ఎత్తలేకపోయాను.

బాబాయి అసలు ముప్పై మూడో పేజీ కూడా చదివాను. నువ్వు పుట్టిన రోజు నాన్న ఆయన బస్సులో అందరికీ పటికబెల్లం పంచారట. నీకు మూడేళ్ళప్పుడు నిన్ను భుజం మీద పెట్టుకుని మళ్ళీ ఆ బస్సే ఎక్కారట. నువ్వు టిక్కెట్లకి రంధ్రాలు పెట్టే మిషను ఇస్తే గానీ దిగనని ఏడ్చావట. బాబాయి ఆ రోజు ఖాళీ ట్రిప్పంతా తన సంచీ నీ మెడలో వేసి తిప్పాడట. మిగతాదంతా నాన్న గురించే. నా గురించి ఒక్క మాట లేదు. నవల గురించి ఒక్క మాట లేదు.

"బాబాయీ, ఆ కవరు సంగతి రాశావేమో అనుకున్నాను" అన్నాను. "అది మీ ఇంటి సంగతమ్మా, నా బస్సు సంగతి కాదు" అన్నాడు. ఆయనకి అప్పుడే తెలుసన్నమాట, నేను అబద్ధం చెప్పానని.

కాబట్టి నీకు ఒకటి దాచకుండా చెప్పాలి. ఆ ఫారాలు కలిసిపోకపోతే నేను ఎప్పటికీ చెప్పేదాన్ని కాదు. దేవుడు చెప్పించాడని సరిపెట్టుకుందామనుకున్నాను. నా చేత చెప్పించాల్సి వచ్చిందే గానీ, నేను చెప్పలేదు కదా.

మరిదిగారిని, పిల్లల్ని అడిగానని చెప్పు.

అక్క


ఆగస్టు 18

చిన్నీ,

పుస్తకాలు కుట్టడం అయిపోయింది. ఎక్కడివక్కడ ఇచ్చేశాను. సరైన ప్రతి ఒకటి పంపుతున్నాను. అందిందని కూడా రాయనక్కర్లేదు.

నీ పేరు చెప్పి రోజూ దండం పెట్టుకుంటున్నాను. నన్ను క్షమించమని కాదు. నీకు మాటలు రావడం లేదన్నావు కదా, అవి మళ్ళీ రావాలని.

అక్క


సెప్టెంబరు 9

అక్కా,

పుస్తకం అందింది. మిషను కోసం నేనేడిచిన సంగతి చదివి మా వాళ్ళు పగలబడి నవ్వారు. పిల్లలు నన్ను "టిక్కెట్, టిక్కెట్" అని పిలుస్తున్నారు. నా ముక్కు చూసుకోవడానికి షాపులో అద్దాలకి కొదవలేదు. నర్సమ్మగారు చెప్పింది నిజమే.

ఇక రెండోది. నాకు కోపం పోలేదు. పోయిందని రాస్తే నువ్వు సంతోషిస్తావు గానీ, అబద్ధం రాయడం నీ పని, నాది కాదు.

ఇన్నాళ్ళు ఏం చేశాననుకున్నావు? ముందు నీ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. తీరా చూస్తే వెనక ఖాళీగా ఉంది. దాని మీద నీకు తిట్లు రాయడం మొదలుపెట్టాను. ఆ తిట్లు నాలుగు లైన్లలో అయిపోయాయి. ఐదో లైనులో నువ్వు పాతికేళ్ళ పిల్లవై, కవరు పట్టుకుని గడపలో నిలబడ్డావు. అక్కడి నుంచి ఆగలేదు. షాపులో మధ్యాహ్నం జనం ఉండని వేళ బిల్లు పుస్తకం వెనక రాస్తున్నాను. మీ మరిది చూసి, "కళ్ళజోళ్ళు అమ్మే మనిషివి కళ్ళు పోగొట్టుకుంటావు" అంటూనే దీపం దగ్గరికి జరిపారు. అరవై రెండు పేజీలయ్యాయి.

పాత నవల ఇక రాదు. ఒక్క వాక్యం కూడా గుర్తు లేదు. పందొమ్మిదేళ్ళ పిల్ల రాసిన నవల నలభై నాలుగేళ్ళ దాన్ని, నేనెక్కడ రాస్తాను? దాని కోసం నిన్న కూడా ఏడ్చాను. ఇది వేరే పుస్తకం. ఇందులో నాన్న ఉన్నారు, లైబ్రరీ ఉంది, కుళాయి ఉంది. చెల్లెలి సంతకం పెట్టిన అక్క ఉంది.

ఇది మీ వీధి బీరువాలోనే ఉండాలని నా కోరిక. అక్కడ పెడితే అందరూ చదువుతారు. సరే, మీ వీధి సంగతి తెలిసిందే. ఇద్దరు ముగ్గురైనా చదువుతారు. చదివినవాళ్ళు లైబ్రరీ ముందు నుంచి నువ్వు నడిచి వెళ్తుంటే చూస్తారు. ఇరవై ఐదేళ్ళుగా వాళ్ళకి నువ్వు అబద్ధమాడని మనిషివి.

అందుకే అడుగుతున్నాను. నువ్వు వద్దంటే రాయడం ఆపను గానీ, ప్రెస్సుకి ఇవ్వను. అప్పుడు వద్దని నా పేరుతో నువ్వు రాశావు. ఈసారి కావాలో వద్దో నీ పేరుతోనే రాయి.

మొదటి రెండు పేజీలు పంపుతున్నాను. ఒట్టు గిట్టు పక్కన పెట్టి చదువు.

చిన్ని


సెప్టెంబరు 15, శనివారం

చిన్నీ,

కావాలి.

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు నాకు భయం వేసింది. దాచకుండా చెప్తున్నాను. వీధిలో అత్తాకోడళ్ళు గొడవ పడితే నా దగ్గరికి వస్తారు, నేను ఉన్నమాట చెప్తానని. ఇక రారేమో అనుకున్నాను. మీ బావ ముందు ఇక నవ్వలేను అనుకున్నాను. ఆ పెళ్ళి ఆయనతోనే కదా. ఆయనకి మొత్తం చదివి వినిపించాను. విని, చేతిలో ఉన్న వాచీ బల్ల మీద పెట్టి, "నేను నాలుగోసారి కూడా ఆగేవాణ్ణి. ఎవరూ అడగలేదు" అన్నారు. అంతే. మళ్ళీ వాచీ తీసుకున్నారు.

అది విన్నాక ఇక భయపడ్డానికి ఏం మిగల్లేదు. అయితే ఆ మాట కూడా నీకు పనికొస్తుందేమో, వాడుకో.

పుస్తకం నేనే కుడతాను. ఫారం ఫారానికీ పుస్తకం పేరు వెయ్యమని ప్రెస్సాయనకి చెప్తాను. వెయ్యకపోతే పెన్నుతో నేనే రాసుకుంటాను. తొందరపడి ముగించకు. వంద పేజీలో, రెండు వందల పేజీలో, ఎంత కావాలంటే అంత రాయి. దారం నా దగ్గర చాలా ఉంది.

నువ్వు పంపిన రెండు పేజీలూ చదివాను. ఇంత బాగా రాసే పిల్లని... సరే, ఆ మాట నేను అనకూడదు. ఇంట్లో చాకలి పద్దుల పుస్తకం ఎక్కడుండేదో కూడా సరిగ్గా రాశావు. గడప ఎత్తు, మేడ మెట్ల మీద తడి అడుగులు, బాబాయి సంచీ చప్పుడు, అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. ఉత్తరంలో అక్క ఉందని రాసి, ఈ పేజీల్లో నన్ను 'ఒక దూరపు బంధువు' అని మాత్రం ఎందుకు మార్చావు? నా పరువు కోసమైతే వద్దు. అక్క అనే రాయి.

ఇంకొకటి కూడా తప్పుంది. కవరు దాచాక నేను వంటింట్లో మూల కూర్చుని ఏడ్చానని రాశావు. నీకు నా మీద జాలి కలిగి అలా రాసి ఉంటావు. నేను ఏడవలేదు చిన్నీ. చేతులు కడుక్కుని, ముందుగదిలో వెలుతురు బాగుండే చోట కూర్చుని, కూనిరాగం తీసుకుంటూ పెళ్ళి జాకెట్టుకి హుక్కులు కుట్టుకున్నాను. ఆరు హుక్కులు. నువ్వు మేడ దిగి వచ్చి సూదిలో దారం ఎక్కించి ఇచ్చావు.

అలాగే రాయి.

అక్క